రోహిణి కార్తె లెక్కతో కట్టాలి: బెజవాడ గదిలో వాటర్ లూప్

గేమింగ్ కంప్యూటర్‌కు కస్టమ్ వాటర్ లూప్, అంటే విడి భాగాలతో మనమే కట్టుకునే నీటి కూలింగ్, పెట్టాలనుకునేవాళ్లు ముందుగా చూసేది కేసు ఫొటోలు. తర్వాత కూలెంట్ (లూపులో తిరిగే ద్రవం) రంగు. ఆ తర్వాత గొట్టాల వంపులు. బెజవాడలోనో గుంటూరులోనో ఉండేవాళ్లు మాత్రం వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఒకటుంది: మే నెలాఖరులో, మధ్యాహ్నం మూడింటికి, కంప్యూటర్ పెట్టబోయే గదిలో థర్మామీటరు ఎంత చూపిస్తుంది? ఆ అంకె తెలియకుండా కొన్న ఏ రేడియేటరూ ప్లాన్ కిందికి రాదు.

నీళ్లు దేన్నీ చల్లబరచవు. ఒకచోట ఉన్న వేడిని ఇంకోచోటికి మోస్తాయి, అంతే. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లోనూ కృష్ణ నీళ్లు చేసే పని అదే, కండెన్సర్ల దగ్గరి వేడిని అందుకుని మోసుకుపోవడం. అక్కడ వెనకాల ఒక నది ఉంది. మన కేసులో తిరిగేది లీటరు నీళ్లు, మళ్లీ మళ్లీ అవే. వాటి వేడిని దింపుకునేది రేడియేటర్, రేడియేటర్ మీదుగా వీచేది గదిలోని గాలి. అందువల్ల కూలెంట్ ఎప్పటికీ గది గాలికంటే చల్లగా ఉండదు, ఎంతోకొంత ఎక్కువే ఉంటుంది. ఆ తేడాను డెల్టా అంటారు. లూప్ ప్లాన్ మొత్తం ఈ డెల్టా చుట్టూనే తిరుగుతుంది.

విదేశాల్లో చేసే రివ్యూలు చాలావరకు 20 నుంచి 22 డిగ్రీల గదిలో కొలిచినవి. ఆ అంకెల్ని రోహిణి కార్తెలో పై అంతస్తు స్లాబు కింద గదికి తెచ్చి అతికిస్తే కుదరదు. మన లెక్క మనమే వేసుకోవాలి. కష్టమేమీ కాదు.

వాట్ల లెక్క

ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు 575 వాట్ల వరకు తీసుకుంటుంది, 4090 అయితే 450. రైజెన్ 7 9800ఎక్స్3డీ లాంటి ప్రాసెసర్ గరిష్ఠంగా 162 వాట్లు తీసుకోగలదు కానీ, ఆట ఆడేటప్పుడు వంద దాటడం అరుదు. పంపుకు ఇంకో 15, 20 వాట్లు. మొత్తం మీద 5090తో ఆట నడుస్తుంటే నీళ్లలోకి దిగే వేడి సుమారు 690 వాట్లు.

ఇక రేడియేటర్. 30 మి.మీ. మందం ఉన్న 360 రేడియేటర్ (120 మి.మీ. ఫ్యాన్లు మూడు పట్టేది), ఫ్యాన్లు నిమిషానికి 1200 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంటే, డెల్టాలో ఒక్కో డిగ్రీకి దాదాపు 30 వాట్లు బయటికి నెట్టగలదు. కంపెనీని బట్టి, ఫ్యాన్‌ని బట్టి కొంచెం మారుతుంది గానీ ప్లాన్‌కు ఈ అంకె చాలు. ఒకే 360 పెడితే 690ని 30తో భాగించాలి, డెల్టా 23. రెండు పెడితే పదకొండున్నర. మూడు పెడితే ఎనిమిది లోపు.

ఇప్పుడు గది వేడిని కలపండి. ఏసీ లేని గది 38 డిగ్రీలనుకుందాం. ఒక్క 360తో కూలెంట్ 61 డిగ్రీలకు చేరుతుంది. రెండింటితో 50 దగ్గర ఆగుతుంది. మూడింటితో 46. లూపుల్లో ఎక్కువగా వాడే డీ5 పంపుకు తయారీదారులు చెప్పే కూలెంట్ హద్దు 60 డిగ్రీలు. పెట్జీ ప్లాస్టిక్‌తో చేసిన గట్టి గొట్టం (హార్డ్ ట్యూబు) కూడా ఆ చుట్టుపక్కలే మెత్తబడుతుంది, ఫిట్టింగు దగ్గర పట్టు సడలుతుంది. అంటే 22 డిగ్రీల గదిలో 45 దగ్గర నిలిచి, పర్వాలేదనిపించుకున్న ఒక్క రేడియేటర్ లూపే ఇక్కడ మే నెలలో కార్పెట్ తడిపే దశకు వస్తుంది. అదే కేసు, అవే భాగాలు. మారింది గది ఒక్కటే.

నా తీర్పు ఇది: 450 వాట్లు దాటిన గ్రాఫిక్స్ కార్డుకు మన ఊళ్లో రెండు 360 రేడియేటర్లు కనీసం. అంతకు తక్కువ పట్టే కేసైతే కేసు మార్చాలి, లేదా లూప్ ఆలోచన మానుకోవాలి. మూడో రేడియేటర్ వల్ల ఉష్ణోగ్రత పెద్దగా తగ్గదు, నాలుగు డిగ్రీలు. దానితో దొరికేది నిశ్శబ్దం. ఫ్యాన్లను నెమ్మదిగా తిప్పుకోవచ్చు. అది ఎవరి ఇష్టం వాళ్లది.

ఏసీ, పవర్ లిమిట్, లూప్: ఈ వరసలో

చాలామందికి నచ్చని మాట ఒకటి చెప్పాలి. గదిలో ఏసీ లేకపోతే, లూప్ కోసం దాచిన డబ్బును ముందు ఏసీకి పెట్టాలి. లూప్ వేడిని కార్డులోంచి తీసి గదిలో పోస్తుంది, గదిలోంచి బయటికి పంపలేదు. 690 వాట్ల హీటరు గదిలో పెట్టుకుని తలుపులు మూసుకున్నట్టే. ఒక టన్ను ఏసీ అంటే సుమారు 3500 వాట్ల వేడిని తోడేయగలదని అర్థం. మన కంప్యూటర్ అందులో ఐదో వంతు తినేస్తుంది. కాబట్టి స్లాబు కింద గదికి టన్ను సరిపోతుందా లేదా అని ఊగిసలాడుతుంటే టన్నున్నర తీసుకోవడమే మేలు. గది 27 దగ్గర నిలిస్తే రెండు రేడియేటర్లతో కూలెంట్ 39 దగ్గరే ఉంటుంది. ఇంత లాభం ఏ వాటర్ బ్లాకూ (చిప్పు మీద కూర్చుని వేడిని నీళ్లకు అందించే లోహపు ముక్క) ఇవ్వదు.

ఎయిర్ కూలర్‌ను దీనికి ప్రత్యామ్నాయంగా చూడకూడదు. కోస్తా ఉక్కలో గడ్డి పలకల కూలర్ అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. పైగా బోరు నీళ్ల తుంపర రేడియేటర్ రెక్కల మీద పడి ఆరితే తెల్లటి ఉప్పు పేరుకుంటుంది.

పైసా ఖర్చు లేనిది పవర్ లిమిట్, అంటే కార్డు తీసుకునే కరెంటుకు సాఫ్ట్‌వేర్‌లో పెట్టే హద్దు. కార్డును 80 శాతానికి దించితే 575 వాట్లు 460 అవుతాయి. ఆటలో పోయే ఫ్రేములు సాధారణంగా పది శాతం లోపే. 115 వాట్లు తగ్గడమంటే రెండు 360 రేడియేటర్ల ఆరు ఫ్యాన్లలో దాదాపు ఒక ఫ్యాన్ వంతు పని తగ్గినట్టు. ఎండాకాలానికి ఒక ప్రొఫైల్, చలికాలానికి ఇంకొకటి పెట్టుకోవడం ఇక్కడివాళ్లకు సహజంగా అలవాటు కావాలి.

ప్రాసెసర్ ఒక్కదానికే కస్టమ్ లూప్ కట్టడం నాకు సమ్మతం కాదు. ప్రాసెసర్‌లో వేడి పుట్టే చోటు చాలా చిన్నది. ఆ వేడి మూత దాటి బ్లాకు చేరేలోపే ఆటలో పాతిక ముప్పై డిగ్రీల తేడా వచ్చేస్తుంది, ఎంత నీరు తిప్పినా ఆ భాగం తగ్గదు. కార్డు దగ్గర అలా కాదు. చిప్పు పెద్దది, బ్లాకు నేరుగా దాని మీదే కూర్చుంటుంది. బిగింపు సరిగ్గా ఉంటే కూలెంట్ కంటే పదిహేను డిగ్రీలు ఎక్కువ, అంతే. లూప్ పెట్టిన డబ్బుకు ఫలితం కనబడేది కార్డులోనే.

గాలి ఎటు నుంచి ఎటు

రెండు రేడియేటర్లు పెట్టినా గాలి దారి తప్పితే ఒకటిన్నర పెట్టినట్టే. ముందు రేడియేటర్ లోపలికి, పై రేడియేటర్ బయటికి అని పెడితే, ముందు వేడెక్కిన గాలే పైదానికి అందుతుంది. గది 38 ఉన్నప్పుడు పైదానికి చేరేది 43, 44 డిగ్రీల గాలి. కూలెంట్ 50 మీద దాని పని సగానికి పడిపోతుంది. పక్కన, అడుగున రేడియేటర్లు పట్టే కేసు తీసుకుని ఆ రెండింటికీ గది గాలి నేరుగా అందించి, పైనా వెనకా ఉత్త ఫ్యాన్లతో బయటికి తోసేయడం మంచిది.

కొలతలు కాగితం మీద వేసుకోవాలి. 30 మి.మీ. రేడియేటర్‌కు 25 మి.మీ. ఫ్యాన్ కలిపితే 55. పైన పెట్టేదైతే ర్యామ్ ఎత్తు, బోర్డు మీది హీట్‌సింకుల ఎత్తు చూడాలి. 60 మి.మీ. రేడియేటర్‌కు 85 కావాలి, దాన్ని నమ్ముకుని కేసు కొంటే చాలాసార్లు పవర్ కేబుల్ దగ్గర ఇరుక్కుంటుంది. మన దుమ్ముకు రెక్కలు మరీ దగ్గరగా ఉన్న రేడియేటర్ వద్దు. దుమ్ము పట్టిన వారానికే దాని గొప్ప పోతుంది.

ఫ్యాన్ స్క్రూల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కొత్త రేడియేటర్లు ఎక్కువగా చచ్చేది దీనివల్లే. 25 మి.మీ. ఫ్యాన్‌కు 30 మి.మీ. స్క్రూ. అవి పోయాయని హార్డ్‌వేర్ షాపులో 35వి తెచ్చి బిగిస్తే కొన నేరుగా నీటి గొట్టంలో దిగుతుంది. కొన్ని రేడియేటర్లకు అడ్డుగా లోహపు పట్టీ ఉంటుంది, చాలావాటికి ఉండదు.

ఫ్యాన్ వేగాన్ని ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు ముడిపెట్టొద్దు. అది క్షణక్షణానికీ ఎగిరిపడుతుంది, ఫ్యాన్లు దానితో పాటు అరుస్తాయి. కూలెంట్‌కు ముడిపెట్టమని అందరూ చెబుతారు, అది సగం సలహా. కూలెంట్ 40 దాటితే పూర్తి వేగం అని పెట్టారనుకోండి. మేలో ఏసీ వేయకముందే గది 38 ఉంటుంది, కంప్యూటర్ ఊరికే ఉన్నా ఫ్యాన్లు గోల చేస్తాయి. చేసేదేమీ ఉండదు, ఎందుకంటే కూలెంట్ 38 కిందికి దిగలేదు. ఇక్కడ రెండు సెన్సర్లు కావాలి: ఒకటి కూలెంట్‌లో, ఒకటి రేడియేటర్‌లోకి వచ్చే గాలిలో. రెండూ 10కే థర్మిస్టర్లే (10 కిలో ఓమ్‌ల ఉష్ణోగ్రత సెన్సర్లు), మంచి మదర్‌బోర్డుల్లో వాటికి రెండు పిన్నుల సాకెట్లు ఉంటాయి. ఆక్వాకంప్యూటర్ కంపెనీ ఫ్యాన్ కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, ఆ తేడా మీద ఫ్యాన్లు నడుపుతుంది. తేడా 6 ఉంటే 500 చుట్లు, 10 ఉంటే 1000, 14 దాటితే 1500. గది ఎంతున్నా ఈ లెక్క చెడదు. దానితోపాటు కూలెంట్ 57కు చేరితే కంప్యూటర్ దానంతటదే ఆగిపోయేలా ఒక హద్దు. ఇది తప్పనిసరి.

పంపు, వరస, గొట్టాలు

ఏది ముందు, ఏది తర్వాత అన్నదాని మీద జరిగే వాదన దండగ. నిమిషానికి లీటరు నీరు ఒక్కో డిగ్రీకి 70 వాట్లు మోస్తుంది. నిమిషానికి నాలుగు లీటర్లు తిరిగితే 690 వాట్లకు లూపులో అన్నిటికంటే వేడి చోటుకూ, చల్లని చోటుకూ తేడా రెండున్నర డిగ్రీలే. గొట్టం పొట్టిగా, వంపు తక్కువగా ఉండే వరసే మంచి వరస. మార్చకూడనిది ఒక్కటే: రిజర్వాయర్ (నీళ్లు నింపే చిన్న ట్యాంకు) తర్వాత పంపు, రిజర్వాయర్ పంపు కంటే పైన. పంపు బేరింగుకు నూనె అయినా గ్రీజు అయినా ఆ నీళ్లే. పొడిగా తిప్పితే కొద్దిసేపట్లోనే అరుగుతుంది. ప్రాసెసర్ బ్లాకుకు మాత్రం లోపలికి, బయటికి అని గుర్తులుంటాయి, వాటిని తారుమారు చేయొద్దు.

ఇక ఫిట్టింగులు. అన్ని భాగాలకూ ఉండేది జి1/4 మర. పావంగుళం పైపు మరే కదా అని శానిటరీ షాపులో దొరికే ఇత్తడి ముక్క తెచ్చి బిగించొద్దు. నల్లా సామాను మర చివరికి సన్నగా ఉంటుంది, బిగించేకొద్దీ మేకులా దిగుతుంది, అక్రిలిక్ రిజర్వాయర్ పగిలిపోతుంది. లూప్ ఫిట్టింగు మర మొదటి నుంచి చివరిదాకా ఒకే లావు. నీళ్లు ఆపేది మర కాదు, కింద ఉన్న ఓ-రింగు. అందుకే టెఫ్లాన్ టేపు చుట్టకూడదు, పానా వాడకూడదు. చేత్తో ఆగేదాకా తిప్పితే చాలు. అక్రిలిక్‌ను స్పిరిట్‌తోనూ శానిటైజర్‌తోనూ తుడవొద్దు, సన్నగా బీటలు పాకుతాయి.

మొదటి లూపుకు సాఫ్ట్ ట్యూబే పెట్టండి. 10/16 కొలత, అంటే లోపల 10, బయట 16 మి.మీ. 10/13 సన్నగా అందంగా ఉంటుంది గానీ వంపుల్లో మడత పడుతుంది. పారదర్శకంగా ఉండే పీవీసీ గొట్టంలోంచి ప్లాస్టిసైజర్ (గొట్టాన్ని మెత్తగా ఉంచే రసాయనం) మెల్లగా నీళ్లలోకి దిగుతుంది, కూలెంట్ వేడిగా ఉంటే త్వరగా దిగుతుంది. అది జిగురులా వెళ్లి బ్లాకు లోపలి సన్నని రెక్కల్లో కూర్చుంటుంది. మన వేడికి నల్ల ఈపీడీఎం రబ్బరు గొట్టమే సరైనది. రంగు నీళ్లు కనబడవు, నిజమే. మూడేళ్ల తర్వాత బ్లాకు విప్పినప్పుడు ఎందుకు పెట్టామో తెలుస్తుంది.

రెండు రేడియేటర్లు, ప్రాసెసర్ బ్లాకు, కార్డు బ్లాకు, పంపు రిజర్వాయర్ జంట: పది కంప్రెషన్ ఫిట్టింగులు (గొట్టం చివర్ని రింగుతో బిగించి పట్టేవి) పడతాయి. పన్నెండు కొనండి. 90 డిగ్రీల తిరిగేవి నాలుగు, 45వి రెండు. నీళ్లు దింపడానికి ఒక టీ ముక్క, ఒక బాల్ వాల్వ్, ఒక మూత, వీటిని లూపులో అన్నిటికంటే కింది చోట పెట్టాలి. గొట్టం మూడు మీటర్లు. విడిగా పది ఓ-రింగులు. ఇవేవీ బీసెంట్ రోడ్డుకో గవర్నర్‌పేటకో వెళ్లి ఆ పూటకి తెచ్చుకునేవి కావు. ఒక్క ఓ-రింగు నలిగితే కొరియర్ వచ్చేదాకా కంప్యూటర్ బల్ల మీదే ఉంటుంది. కార్డు బ్లాకు కొనేటప్పుడు కార్డు పేరు కాదు, దాని బోర్డు మోడల్ సరిపోవాలి. ఒకే 5090ని ఒక్కో కంపెనీ ఒక్కో రకం బోర్డు మీద చేస్తుంది. థర్మల్ ప్యాడ్ల మందం అర మి.మీ. తప్పినా బ్లాకు పైకి లేచి చిప్పును తాకదు.

ఏ నీళ్లు పోయాలి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఎక్కువ లూపులు పాడయ్యేది ఇక్కడే.

బోరు నీళ్ల గురించి చెప్పక్కర్లేదు, బాత్రూం పంపు మీద తెల్లటి పొరే చెబుతుంది. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు శుభ్రమే కదా అంటారు. తాగడానికి శుభ్రం. వాటిలోనూ టీడీఎస్ పదుల్లో ఉంటుంది, ఆ లవణాలు ఉంటే లోహాల మధ్య కరెంటు పారుతుంది. ఇన్వర్టర్‌లో పోస్తున్నామని ఏసీ నుంచి కారే నీళ్లు పట్టేవాళ్లున్నారు. ఆ నీళ్లు కాయిల్ మీది దుమ్మును, క్రిములను కడుక్కుని వచ్చినవి, లూపుకు పనికిరావు.

కావాల్సింది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపుల్లో ఐదు లీటర్ల క్యాన్లలో దొరుకుతుంది. అడిగేటప్పుడు స్పష్టంగా అడగాలి, ఎందుకంటే అదే కౌంటర్ మీద బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది. ఇంటికి తెచ్చాక ఆర్వో మెషిన్ చూసే టీడీఎస్ కర్ర ముంచండి. సున్నా నుంచి ఐదు లోపు చూపాలి. ఎక్కువ చూపితే బ్యాటరీకి వాడుకుని ఇంకో క్యాన్ తేవాలి. అది ఉత్తగా పోస్తే చాలదు. తుప్పు ఆపే మందు, నాచు ఆపే మందు కలవాలి. 35 నుంచి 45 డిగ్రీల నీళ్లు సూక్ష్మజీవులకు హాయి. రెడీగా వచ్చే పారదర్శక కూలెంట్ అయితే రెండూ అందులోనే ఉంటాయి. లూపులో పట్టేది లీటరు, రెండు లీటర్లు తెప్పించుకోవాలి.

పాలలా చిక్కగా ఉండే రంగుల కూలెంట్లు వద్దు. ఆ రంగంతా నీళ్లలో తేలే నలుసులే, నెలల్లో అడుగుకు దిగి రెక్కల్లో ఇరుక్కుంటాయి. కారు కూలెంట్ పది పదిహేను శాతం డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పోయొచ్చు, పనిచేస్తుంది. కానీ అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. చిన్నపిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో నేను సిఫారసు చేయను. రెండు రకాల కూలెంట్లు ఎప్పుడూ కలపకూడదు, గడ్డకట్టవచ్చు.

లోహాల విషయం ఒక్క మాటలో: రాగి, ఇత్తడి, నికెల్ కలిసి బతుకుతాయి, అల్యూమినియం వాటితో బతకదు. ఆన్‌లైన్‌లో చౌకగా వచ్చే రేడియేటర్లు చాలావరకు అల్యూమినియమే. రాగి బ్లాకుతో కలిసిన రోజు నుంచే అల్యూమినియం కరిగిపోవడం మొదలవుతుంది. కొనేముందు లోపలి గొట్టాలు రాగివో కాదో చదవండి, రాసి లేకపోతే కొనొద్దు.

బిగించే ముందు, నింపే ముందు

కొత్త రేడియేటర్‌లో టంకం వేసినప్పటి ఫ్లక్స్ మిగిలి ఉంటుంది. వేడి నీళ్లు సగం పోసి, రెండు మూతలు బిగించి, రెండు నిమిషాలు గట్టిగా ఊపి పారబోయాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా, కనీసం నాలుగుసార్లు. ఆఖరి రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తోనే.

బిగింపు అయ్యాక గాలితో లీకు పరీక్ష. చిన్న చేతిపంపు, గేజీ ఉన్న టెస్టర్ దొరుకుతుంది. 0.5 బార్ ఎక్కించి అరగంట చూడాలి, అంతకు మించి ఎక్కించొద్దు. ఏసీ వేస్తే గేజీ దానంతటదే కిందికి దిగుతుంది. గది 36 నుంచి 27కు చల్లబడితే 0.50 కాస్తా 0.46కు వస్తుంది, లీకేమీ లేకపోయినా. లేని లీకు కోసం అన్నీ విప్పుకోకుండా, ఏసీ ముందే వేసి గది కుదుటపడ్డాక పరీక్ష మొదలుపెట్టాలి.

తర్వాత నీళ్లు. బోర్డు, కార్డు, డ్రైవులు అన్నిటి పవర్ కేబుళ్లూ పీకేయాలి, పంపుది ఒక్కటే ఉంచాలి. సప్లై 24 పిన్నుల ప్లగ్గులో 16వ పిన్నును పక్కనున్న నేల (గ్రౌండ్) పిన్నుతో కలిపితే పంపు తిరుగుతుంది. రిజర్వాయర్ నింపి, రెండు సెకన్లు తిప్పి ఆపాలి. నీళ్లు తగ్గుతాయి, మళ్లీ నింపి మళ్లీ తిప్పాలి. రిజర్వాయర్ ఖాళీ కాకముందే ఆపడం ముఖ్యం. నిండాక కేసును నాలుగు వైపులా వంచితే రేడియేటర్లలో దాగిన గాలి గడగడమంటూ బయటికి వస్తుంది. ప్రతి కీలు కింద తెల్ల టిష్యూ పెట్టి ఒక రోజంతా తిప్పి చూడాలి. కరెంటు పోయినా నష్టం లేదు, వచ్చాక కొనసాగించవచ్చు. చిన్న బుడగలు వారం దాకా వస్తూనే ఉంటాయి, కంగారు పడక్కర్లేదు.

లూప్ సంతృప్తినివ్వక ఐసుగడ్డలు, చిల్లర్లు పెట్టే ఆలోచన వస్తుంది కొందరికి. జూలైలో గది 33 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం ఉంటే 27 డిగ్రీలకే నీటి చెమ్మ పడుతుంది. బ్లాకు అంతకంటే చల్లబడితే మంచినీళ్ల సీసాకు పట్టినట్టు బోర్డు వెనకాల చెమట పడుతుంది. మామూలు లూపుకు ఈ భయం లేదు, అది గదికంటే చల్లబడలేదు కాబట్టి.

అంతా నడిచిన మొదటి వారంలో, దుమ్ము పట్టకముందే, ఒక అరగంట భారీ ఆట నడిపి, ఫ్యాన్లను 1200 దగ్గర కట్టేసి, డెల్టా ఎంతుందో చూడండి. ఆ అంకెనూ, ఆ రోజు కార్డు తీసుకున్న వాట్లనూ ఒక టేపు ముక్క మీద రాసి కేసు లోపల అతికించండి. ఆర్నెల్ల తర్వాత అవే వాట్లకు, అదే వేగానికి డెల్టా మూడు నాలుగు డిగ్రీలు పెరిగితే ముందు ఫిల్టర్లు, రేడియేటర్ రెక్కలు దులపాలి. దులిపినా తగ్గకపోతే అప్పుడు నీటి ప్రవాహం చూడాలి, అది కూడా తగ్గి ఉంటే బ్లాకు విప్పాల్సిందే. డెల్టా మారకుండా కార్డు మాత్రమే వేడెక్కుతుంటే లూపును ముట్టుకోవద్దు, చిప్పుకూ బ్లాకుకూ మధ్య పేస్టు ఎండిపోయి ఉంటుంది.